విమానాన్ని చూపించని వేలు

చేవెళ్ల, మొయినాబాద్ వైపు పిల్లలకు విమానం కొత్త కాదు. శంషాబాద్ ఎంతో దూరం లేదు. 2008లో అక్కడ విమానాశ్రయం మొదలైన దగ్గర్నుంచి తలెత్తితే ఏదో ఒకటి కనబడుతూనే ఉంటుంది. ఏడాది దాటిన పిల్లను చంకనేసుకుని ఎవరైనా వాకిట్లో నిలబడ్డారనుకోండి. మోత వినబడగానే ఆ పిల్ల పైకి చూస్తుంది. వేలు చాపుతుంది. అక్కడితో ఊరుకోదు, గభాల్న తిరిగి ఎత్తుకున్నవాళ్ల మొహంలోకి చూస్తుంది. నువ్వు కూడా చూశావా లేదా అని ఆ చూపుకు అర్థం. "అవునే, ఇమానం పోతుంది!" అంటే నవ్వి మళ్లీ పైకి చూస్తుంది. ఇదంతా కలిపి మూడు సెకన్లు కూడా పట్టదు. ఇంకా సరిగ్గా ఒక్క మాట రాని పిల్ల, ఎదుటి మనిషికి కూడా ఒక మనసుందనీ, తనకు కనబడింది ఆ మనసుకూ కనబడాలనీ అప్పటికే తెలుసుకుంది.

ఆటిజం గురించి మాట్లాడమంటే నేను ఈ వేలి దగ్గరే మొదలుపెడతాను. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ చూపించడం ఆ వయసులో రాదు. విమానాన్ని చూడరని కాదు, చూస్తారు, కొందరైతే మనకంటే ముందే ఆ మోత వింటారు. కానీ దాన్ని మనతో పంచుకోవాలన్న తహతహ కనబడదు. పిల్లవాడు వింతగా ఏం చేస్తున్నాడో ఊరంతా చూస్తుంది. మామూలుగా చెయ్యాల్సింది ఏది చెయ్యట్లేదో ఇంట్లోవాళ్లకు కూడా తెలియకుండా ఏడాది, రెండేళ్లు గడిచిపోతాయి. మన పల్లెల్లో ఆలస్యమంతా ఇక్కడే జరుగుతోందని నా అభిప్రాయం.

అసలు అలాంటి పిల్లవాడికి మన ఇళ్లలో మెచ్చుకోళ్లే ఎక్కువ. "బంగారమసొంటోడు, ఏడ కూసోబెడితే ఆడ్నే కూసుంటడు" అంటుంది నాయనమ్మ. అమ్మ పొలానికి పోతే ఏడవడు, వస్తే ఎదురురాడు. ఎత్తుకొమ్మని చేతులు చాపడు. వీధి పిల్లలు వచ్చి ఆటకు పిలిస్తే అటు తిరగడు. రెండేళ్లకు మాటలు రాలేదని తల్లి భయపడితే, వెంటనే ఒక పెద్దమనిషి అందుకుంటాడు: "వాని నాయనకు గూడ ఐదేండ్లకే మాటలొచ్చినయ్, గాబరా పడకు." నేను విన్న సలహాలన్నిటిలోకీ పిల్లలకు ఎక్కువ నష్టం చేసింది ఇదే. చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు, అదే వచ్చిన చిక్కు.

మాటలు ఆలస్యం కావడానికి ఎన్నో కారణాలుంటాయి. చెవి సరిగా వినబడకపోయినా రావు. అందుకే తొలి పరీక్ష చెవికే చేస్తారు. అయితే ఇంట్లోనే గమనించదగ్గది ఒకటుంది. పిల్లవాడు మీకు వీపు పెట్టి ఆడుకుంటున్నాడు. పేరు పెట్టి పిలిచారు, ఉలకలేదు. ఇంకోసారి గట్టిగా పిలిచారు, పలకలేదు. పక్క గదిలో బిస్కెట్ ప్యాకెట్ కవరు చించిన చప్పుడు కాగానే లేచి పరుగెత్తాడు. చెవి వింటోందన్నమాట. తన పేరు తనను పిలిచే పిలుపన్న సంగతే ఇంకా అతనికి పట్టలేదు. మామూలుగా తొమ్మిది నెలలకూ ఏడాదికీ మధ్య పిల్లలు పేరుకు తిరిగి చూస్తారు. ఏడాది నిండినా చూడకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎలాగూ వింటున్నాడు కదా అని చెవి పరీక్ష మానెయ్యకండి, కొన్ని చప్పుళ్లు విని కొన్ని వినలేని పిల్లలూ ఉంటారు.

ఇంకొక దృశ్యం. నీళ్లు కావాలి. పిల్లవాడు వచ్చి అమ్మ మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కుపోతాడు. ఆ చేతిని తీసుకెళ్లి తలుపు మీద పెడతాడు. అంతసేపూ అమ్మ మొహం వైపు ఒక్కసారి చూడడు. అడగాలంటే మనిషిని అడగాలి, కానీ అతను ఒక చేతిని వాడుకుంటున్నాడు. తెలివి లేక కాదు. నీళ్లు ఎక్కడున్నాయో, తలుపు ఎవరు తీయగలరో అతనికి బాగా తెలుసు.

మాటలు వచ్చిన పిల్లల్లోనూ తేడా ఉంటుంది. మూడేళ్లవాడు టీవీలో వచ్చే ప్రకటన మొదటి నుంచి చివరిదాకా అదే రాగంతో అప్పజెబుతాడు. చుట్టాలొస్తే ముచ్చటగా చెప్పించుకుంటారు కూడా. వాడికి దాహమేస్తే మాత్రం తల్లి రోజూ తనను అడిగే మాటనే తిప్పి అంటాడు: "నీకు నీళ్లు కావాల్నా?" నాకు కావాలి అనడు. తాను విన్నది అలాగే ముద్దగా తిరిగి వస్తుంది. ఇది వెక్కిరింత కాదు, కొట్టి మాన్పించాల్సిందీ కాదు. ఆ మాటకు అతను ఒక పని అప్పగించాడు, దాన్ని అర్థం చేసుకుని "నాకు నీళ్లు" అని మనమే నెమ్మదిగా అందించాలి.

ఇక అందరికీ కనబడే గుర్తులు. బొమ్మ ట్రాక్టరును నడపడు, బోర్లా తిప్పి చక్రాన్ని కంటి పక్కన పెట్టుకుని తిప్పుతూ కూర్చుంటాడు. చెప్పులన్నీ వరసగా పేరుస్తాడు, ఒకటి కదిపితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తాడు. సంతోషమొచ్చినా భయమొచ్చినా చేతులు రెక్కల్లా ఆడిస్తాడు. మునివేళ్ల మీద నడుస్తాడు. బడికి రోజూ పోయే దారి మారితే ఒప్పుకోడు. పెరుగన్నం తప్ప ఇంకోటి ముట్టడు. కుక్కరు కూతకు చెవులు మూసుకుంటాడు, క్షవరానికి కూర్చోబెట్టడం ఇంటిల్లిపాదికీ యుద్ధమే. వీటిలో ఒకటో రెండో ఏ పిల్లవాడిలోనైనా ఉంటాయి, వాటితోనే తేల్చెయ్యకూడదు. ఇందాక చెప్పిన పంచుకోవడం లేకపోవడం, దానితో పాటు ఈ పట్టుదలలూ కలిసి ఉన్నప్పుడే వైద్యులు ఆటిజం అంటారు.

చిలుకూరు బాలాజీ గుడికి శుక్ర, శని, ఆదివారాల్లో వచ్చే జనం మీకు తెలుసు. కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. మాటలు రావాలని మొక్కుకుని పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు ఆ వరసల్లో ఉంటారు. మొక్కుకోవడాన్ని నేను కాదనను. కానీ ఆ తోపులాటలో, గంటల మోతలో కింద పడి దొర్లుతూ ఏడ్చే పిల్లవాణ్ని చూసి "గారాబం చేసి పాడు చేసిండ్రు" అనేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. మన మెదడులో ఒక జల్లెడ లాంటిది ఉంటుంది, అక్కర్లేని చప్పుళ్లను ఆపి కావలసిన మాటనే లోపలికి పంపుతుంది. ఆ పిల్లల్లో చాలామందికి గంటా, కేకా, చెప్పుల చప్పుడూ, మైకూ అన్నీ ఒకే బలంతో ఒకేసారి వచ్చి మీద పడతాయి. రద్దీ లేని పూట తీసుకెళ్లండి. ఏడుస్తుంటే పక్కకు, చల్లటి చోటికి తీసుకుపోయి ఊరికే పక్కన కూర్చోండి, ఆ సమయంలో ఉపన్యాసం ఎక్కదు.

ఆటిజం ఎందుకొస్తుంది? అమ్మలను దోషుల్ని చెయ్యడంతోనే ఈ కథ మొదలైంది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో పదకొండు మంది పిల్లల గురించి వివరంగా రాశాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాలు, తల్లులకు ప్రేమ లేకే పిల్లలు ఇలా తయారయ్యారని పెద్దపెద్ద చదువరులే వాదించారు. 1964లో బెర్నార్డ్ రింలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తనే ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి, ఆ వాదాన్ని ఒక పుస్తకంతో పునాదుల దాకా కదిలించాడు. ఇది పెంపకం వల్ల వచ్చేది కాదు, మెదడు ఎదిగే తీరులోని తేడా. జన్యువుల పాత్ర ఎక్కువ, కడుపులో ఉండగానే మొదలవుతుంది. అమెరికాలో ఆ వాదం పోయింది గానీ మన ఊళ్లలో ఇంకా ఉంది. కాకపోతే రూపం మారింది: గ్రహణం నాడు కడుపుతో ఉండి బయట తిరిగింది, పొద్దంతా ఫోను పట్టుకుని కూసుంటది, ఉద్యోగానికి పోయి పిల్లగాణ్ని వదిలేసింది. తండ్రి మీద ఒక్క నేరమూ ఉండదు, గమనించారా?

ఫోను సంగతి విడిగా చెప్పాలి. ఫోను వల్ల ఆటిజం పుట్టదు. అలాగని రెండేళ్లలోపు పిల్లవాడి చేతిలో ఫోను పెట్టి అన్నం తినిపించడం మంచిదనీ కాదు. ఆ గంటలన్నీ మనిషితో మాట్లాడాల్సిన గంటలు. ఫోను పూర్తిగా తీసెయ్యండి. కొందరు పిల్లలు కొన్ని వారాల్లోనే తేరుకుని మాటలు అందుకుంటారు. అయితే తీసేశాం కదా, ఆరునెలలు చూద్దాం అని వైద్యుడి దగ్గరికి పోవడం వాయిదా వెయ్యకండి. రెండూ ఒకేసారి జరగాలి.

టీకా మీద అనుమానం కూడా అలాంటిదే. 1998లో లండన్ నుంచి ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండు మంది పిల్లల మీద రాసిన ఒక వ్యాసం తట్టు టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టింది. అందులో చెప్పిన కొన్ని సంగతులు అబద్ధమని తేలి, అచ్చువేసిన పత్రికే 2010లో దాన్ని వెనక్కి తీసుకుంది. వైద్యం చేసేందుకు అతనికున్న అనుమతి రద్దయింది. లక్షల మంది పిల్లల మీద జరిగిన పరిశీలనల్లో ఆ సంబంధం కనబడలేదు. కానీ తల్లి అనుమానానికి ఒక కారణం ఉంది, దాన్ని ఎగతాళి చెయ్యకూడదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు ఏడాదిన్నర వయసుదాకా నాలుగు మాటలు పలికి, ఆ తర్వాత ఆ మాటలు పోగొట్టుకుంటారు. తట్టు, రుబెల్లా టీకా రెండో మోతాదు వేసేది 16 నుంచి 24 నెలల మధ్యే. రెండూ ఒకే కాలంలో వస్తాయి కాబట్టి ఒకదాని వల్ల ఇంకొకటి వచ్చినట్టు అనిపిస్తుంది. టీకా మాత్రం మానకండి. వచ్చిన మాట పోవడమన్నది ఏ వయసులో జరిగినా, ఆ వారమే డాక్టరుకు చూపించాల్సిన గుర్తు.

మన దగ్గర ఎంతమంది? దేశంలో ఐదు చోట్ల, అందులో హైదరాబాద్ ఒకటి, రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2018లో అచ్చయింది. మూర్ఛ, వినికిడి లోపం, మేధోవైకల్యం లాంటివన్నీ కలిపి చూస్తే సుమారు ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒక ఇబ్బంది ఉందని తేలింది. ఆటిజం ఒక్కటీ అయితే నూటికి ఒకరు, అటూ ఇటుగా. నూరుమంది పిల్లలున్న మీ ఊరి బడిలో ఒకరన్నమాట. అమ్మాయిల్లో తక్కువగా కనబడుతుంది, అబ్బాయిలు ముగ్గురు నలుగురికి ఒక అమ్మాయి లెక్కన. ఈ లెక్క మీద నాకు కొంచెం అనుమానం ఉంది. ఒద్దికగా, చప్పుడు చెయ్యకుండా ఉండమని మనమే ఆడపిల్లను పెంచుతాం, అలా ఉన్న పిల్లను చూసి ఎవరికి అనుమానం వస్తుంది?

మందు ఉందా అని అడుగుతారు. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. నిద్రకో, మూర్ఛకో, మరీ ఎక్కువైన కోపానికో డాక్టరు మందులివ్వచ్చు. స్టెమ్‌సెల్స్ ఎక్కిస్తే తగ్గిపోతుందని లక్షలు అడిగేవాళ్లున్నారు. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చెయ్యలేమని జాతీయ వైద్య కమిషన్ 2022 డిసెంబరులోనే చెప్పింది. అందుకోసం ఎకరం భూమి అమ్మకండి. మొయినాబాద్‌లో భూమి ధర ఎంతుందో ఆ అడిగేవాళ్లకు మీకంటే బాగా తెలుసు.

పని చేసేది నేర్పడం. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిది. అది నగరంలో గంటకింతని తీసుకునే థెరపీ సెంటర్లలోనే సాధ్యమన్న మాట నిజం కాదు. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లల్లో దాదాపు సగం మంది ఇళ్లకు, డాక్టర్లు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలను శిక్షణ ఇచ్చి పంపారు. తల్లిదండ్రులు పిల్లలతో ఆడుకుంటుంటే వీడియో తీసి, అది వాళ్లకే చూపిస్తూ ఎక్కడ ఆగాలో, ఎక్కడ మాట కలపాలో చర్చించారు. ఆ పిల్లలు తమంతట తాము తల్లిదండ్రుల్ని పలకరించడం పెరిగిందని 2016లో ఫలితాలు వచ్చాయి. మన అంగన్‌వాడీ టీచరమ్మలు ఈ పని చెయ్యలేరని నేననుకోను.

ఇంట్లో ఎలా చేస్తారంటే, ముందు కింద కూర్చోవాలి. మీ మొహం పిల్లవాడి మొహానికి ఎదురుగా, అదే ఎత్తులో ఉండాలి. ట్రాక్టరు చక్రం తిప్పుతున్నాడా, లాక్కోకండి. మీరూ ఒక చక్రం తిప్పండి. వాడు ఆపితే ఆపండి. ఒక్కసారైనా మీ వైపు ఓరగా చూస్తాడు. అప్పుడు "తిరిగింది!" అని ఒక్క మాట అని ఊరుకోండి. మనకు ఆగడం రాదు, పది మాటలు గుమ్మరిస్తాం. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు ఎదురుచూస్తే వాడికి సందు దొరుకుతుంది. బూచి ఆట ఆడుతూ మొహం కప్పుకున్న తువ్వాలును సగంలో ఆపేయండి. దాన్ని లాగడానికి వాడి చెయ్యి వచ్చిందంటే అదే అడగడం. బిస్కెట్ మొత్తం ఇవ్వకుండా ముక్క ఇచ్చి ఆగండి. రోజుకు పది పది నిమిషాలు, మూడు నాలుగు సార్లు. నాన్న కూడా చెయ్యాలి, తాత కూడా చెయ్యాలి.

ఇంకో మాట, ఇది ప్రాణాలకు సంబంధించింది. ఈ పిల్లల్లో చాలామందికి గుమ్మం దాటి నడుచుకుంటూ వెళ్లిపోయే అలవాటుంటుంది. నీళ్లంటే ప్రాణం. ప్రమాదమంటే భయం తెలియదు, పేరు పెట్టి పిలిస్తే ఆగరు. మన వైపు ఒక పక్క లారీలు తిరిగే బీజాపూర్ రోడ్డు, ఒక పక్క పొలాల్లో బావులు, పూలతోటల్లో నీటి గుంతలు, అటు హిమాయత్‌సాగర్ జలాశయం. తలుపుకు పిల్లవాడికి అందనంత ఎత్తులో గొళ్లెం పెట్టించండి. చొక్కా లోపలి వైపు మీ ఫోన్ నంబరు కుట్టించండి. పిల్లవాడి సంగతి ఇరుగుపొరుగుకు దాచకుండా చెప్పండి. ఎప్పుడైనా కనబడకపోతే ముందు బావుల వైపు పరుగెత్తండి, బంధువుల ఇళ్లు తర్వాత వెతకవచ్చు.

ఎక్కడికి పోవాలి? ముందు మీ అంగన్‌వాడీకీ, ప్రభుత్వ ఆసుపత్రికీ. పిల్లల్ని పరీక్షించడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వస్తాయి. వచ్చిన రోజు పిల్లవాణ్ని ఇంట్లో దాచకండి. తర్వాత హైదరాబాద్ నగరంలో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. పాతవాళ్లు ఎన్.ఐ.ఎం.హెచ్. అంటారు, ఇప్పటి పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. చెవి పరీక్షలు చేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే. దేశమంతా ఆటిజం ధ్రువీకరణకు వాడే 40 అంశాల కొలమానం తయారైంది ఆ ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి.లోనే. అందులో 70 మార్కులకు చేరితే ఆటిజం ఉన్నట్టు, వైకల్యం 40 శాతం కింద లెక్క. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్య సర్టిఫికెట్ చేతికొస్తే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులకు బీమా దొరుకుతుంది. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లవాడికి ముద్ర పడుతుందని వెనుకాడేవాళ్లున్నారు. ముద్ర వేసేవాళ్లు కాగితం లేకపోయినా వేస్తారు.

బడి మానిపించకండి. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఆ 2016 చట్టమే ఇచ్చింది. మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలున్నాయి, అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, హెడ్‌మాస్టరును అడిగి వివరాలు తీసుకోండి.

మొదటిసారి మనోవికాస్ నగర్ పోయేటప్పుడు టీకాల కార్డు, ప్రసవం నాటి కాగితాలు, ఆధార్ తీసుకెళ్లండి. కొత్త చోట పిల్లవాడు బిగుసుకుపోయి ఏమీ చెయ్యకపోవచ్చు. అందుకని ఇంట్లో మామూలుగా ఆడుకుంటున్నప్పుడు, మీరు పేరు పెట్టి పిలుస్తున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు రెండు రెండు నిమిషాల వీడియోలు ఫోన్‌లో తీసి పెట్టుకోండి, డాక్టరుకు అవే ఎక్కువ చెబుతాయి. మెహిదీపట్నం బస్సు రద్దీ కాకముందే తొలి బస్సుకు బయలుదేరండి, దారిలో తినడానికి వాడు తినేదే ఏదైనా డబ్బాలో పెట్టుకోండి.